వరస తప్పని పందెం

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం పూర్తిచేసినవాడికి తెలిసినంత ఇంజినీరింగ్ ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. మూడో ఏడులో అనుమానాలు మొదలవుతాయి, నాలుగో ఏడులో భయం పట్టుకుంటుంది, ఉద్యోగంలో చేరాక అసలేమీ రాదని తేలిపోతుంది. కానీ రెండో ఏడు పరీక్షలకీ మూడో ఏడు తరగతులకీ మధ్య వేసవి సెలవులుంటాయి చూశారూ, మనిషి సర్వజ్ఞుడిగా బతికేది ఆ రెండు నెలలే. సెల్‌ఫోను ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి బయటికి కనపడేలా పెట్టుకుని తిరిగే ఆ రోజుల్లో, నా సర్వజ్ఞత్వం మొత్తాన్నీ భద్రాచలంలో మా బాబాయి మీద, ముఖ్యంగా ఆయన జీపు మీద ఖర్చు పెట్టాను. జీపు తట్టుకుంది. బాబాయి కూడా తట్టుకున్నాడు, కాకపోతే ఆయన ఓర్పు ముందునుంచీ ఎక్కువే.

మాది బోనకల్ దగ్గర పల్లె. చిన్నమ్మకి భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు ఉద్యోగం రావడంతో బాబాయి పొలం కౌలుకిచ్చి, ఒక పాత జీపు కొనుక్కుని అక్కడికి చేరాడు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా గోదారి పక్క రోడ్డు మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పడం ఆయన పని. ఆ స్టాండులో జీపులకి నంబర్లుండేవి. పొద్దున్నే ఒకటో నంబరు బండి నిండాకే రెండోది ఎక్కించుకోవాలి, రెండోది నిండాకే మూడోది. దాన్ని సీరియలు అనేవారు. ఒకటో నంబరువాడికి హైదరాబాదు బస్సు దిగి పర్ణశాల చూడబోయే యాత్రికులు దొరికేవారు, వాళ్ళు బేరమాడరు, దారిలో దిగరు. ఆఖరి నంబరువాడికి దొరికేది మిట్టమధ్యాహ్నపు ఎండ, ముగ్గురు మనుషులు, ఒక కోడి. అందరికంటే ఆఖర్న వచ్చి చేరాడు కాబట్టి ఆ ఆఖరి నంబరు మా బాబాయిదే.

పోనీ ఆలస్యంగా వెళ్ళొచ్చుకదా అంటే అదీ కుదరదు. తెల్లారేసరికి స్టాండులో హాజరు వేయించుకోకపోతే ఉన్న ఆఖరి నంబరు కూడా పోతుంది (ఆఖరి నంబరు పోతే ఇక ఏ నంబరొస్తుందని అడిగాను, ప్రశ్నలు కాలేజీలో అడుక్కోమన్నారు). అంచేత బాబాయి పిల్లలు లేవకముందే వెళ్ళి, వాళ్ళు పడుకున్నాక వచ్చేవాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట చిన్నదాన్ని ఎత్తుకుంటే, మూడేళ్ళ ఆ పిల్ల కెవ్వున ఏడ్చి, ఎవరో జీపు మామ తనను పట్టుకుపోతున్నాడని వాళ్ళమ్మని పిలిచింది. అందరూ నవ్వారు, బాబాయి కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం చిన్నమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను. ఉల్లిపాయల ఘాటంది. ఆ రోజు కూర గోంగూర, అందులో ఉల్లిపాయ ముక్కే లేదు.

అదిగో, సరిగ్గా ఆ సమయంలో ఒకటో నంబరు జీపు పెద్దాయన బండి అమ్మేసి మిర్చి సాగులోకి దిగాడు. స్టాండులో యుద్ధం మొదలైంది. రెండో నంబరు జీపు ఆయన్ని అందరూ బుల్లెట్ మామ అనేవారు. జీపు నడిపినా మాట్లాడినా ఒకటే వేగం. తను ఒక మెట్టు పైకి జరిగితే ఒకటో నంబరు తనదేనని ఆయన వాదన. బుల్లెట్ మామ బండి నెలలో సగం రోజులు షెడ్డులోనే ఉంటుంది కనక ఆ నంబరు తనకే రావాలని మూడో ఆయన వాదన. నాలుగూ అయిదూ కూడా గొంతులు కలిపారు. వారం రోజులు పంచాయితీ నడిపి నడిపి విసిగిపోయిన స్టాండు ప్రెసిడెంటు (ఆయనకి జీపు లేదు, స్టాండు మూల టీ కొట్టుంది, అందుకే ఎన్నుకున్నారు) చివరికి తీర్పు చెప్పేశాడు. శనివారం పొద్దున మిగిలిన ఆరు జీపులూ ఖాళీగా బయల్దేరాలి. దుమ్ముగూడెం సెంటర్లో రిబ్బను కడతారు. ఎవరు ఏ వరసలో రిబ్బను దాటితే ఇకమీదట అదే సీరియలు.

బాబాయి ఈ సంగతి ఇంట్లో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి చేతులు కడుక్కున్నాడు. చిన్నమ్మ మాత్రం నా వైపు చూసింది. ఖమ్మం హాస్టల్లో వార్డెన్ గదిలో ఒక కేబుల్ టీవీ ఉండేది. క్రికెట్ లేని ఆదివారాల్లో అందులో కార్ల రేసులు వచ్చేవి. వాటిని చూసీ చూసీ, లైబ్రరీలో వాహన చలనశాస్త్రం పుస్తకం తిరగేసీ తిరగేసీ, రేసుల గురించి నాకు తెలియంది లేదని నేను ఆ ఇంట్లో అప్పటికే నాలుగైదుసార్లు ప్రకటించి ఉన్నాను. చిన్నమ్మ నా కంచంలో ఇంకో ముద్దకి సరిపడా పప్పు వేసి, "నువ్వు చదివిందేందో గదంతా మీ బాబాయి బండికి పెట్టు నాయనా. ఒకటో నంబరు వొద్దు, ఏ మూడో నాలుగో వచ్చినా సాలు. పిల్లలు మెలకువగా ఉండంగ ఇంటికొస్తడు" అంది. పప్పు తిన్న ఆ క్షణం నుంచీ నేను రేసు ఇంజినీర్ని.

మొదటి పాఠం బరువు. బండి బరువు ఎంత తగ్గితే వేగం అంత త్వరగా అందుకుంటుందని బాబాయికి చెప్పి, జీపు టాపు విప్పించాను. వెనక బెంచీలు విప్పించాను. స్టెప్నీ టైరు, జాకీ, పనిముట్ల డబ్బా, సీటు కింద దొరికిన సగం బస్తా ఊక (ఎందుకుందో ఆయనకీ తెలియదు), అన్నీ దింపించాను. హారన్ కూడా తీద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. హారన్ లేని జీపుని జీపు అనరన్నాడు. అద్దానికి వేలాడుతున్న చిన్న శిలువ వైపు నేను ఒకసారి చూశాను, అంతే, దాని బరువు లెక్కలోకి రాదని చిన్నమ్మ గుమ్మంలోంచే చెప్పేసింది. ఇక మిగిలిన బరువు బాబాయే. మూడు రోజులు రాత్రి అన్నం మానేసి మజ్జిగ తాగమన్నాను. తాగాడు. ఆ మూడు రోజులూ చిన్నమ్మ ఆయనకి దవాఖానా క్యాంటీన్లో ఇడ్లీలు పెట్టించిందని తర్వాతెప్పుడో తెలిసింది.

రెండో పాఠం గాలి. రేసు కారు వెనక రెక్క ఉంటుంది. విమానం రెక్క పైకి లేపుతుంది, దీన్ని తలకిందులుగా బిగిస్తారు కాబట్టి కిందికి నొక్కుతుంది, నొక్కితే టైరు నేలని గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. బాబాయికి అర్థం కావడం కోసం నడుస్తున్న జీపులోంచి అన్నం కంచం బయటికి పెట్టి, వంచి చూపించాను. కంచం నా చేతిలోంచి ఎగిరి పత్తి చేలో పడింది. "అవ్, గాలికి బలముంది" అన్నాడు బాబాయి. రెక్క కోసం ఊరంతా రేకు వెతికితే మూతపడ్డ సోడా కొట్టు బోర్డు ఒకటి దొరికింది. దాన్ని వెల్డింగు షాపులో వంపు తిప్పించి, జీపు వెనక రెండు ఇనప గొట్టాల మీద నిలబెట్టించాను. రంగు వేయించడానికి సమయం లేకపోయింది. దాంతో మా రేసు జీపు వెనక నుంచి చూసినవాళ్ళకి 'ఇచ్చట చల్లని సోడాలు లభించును' అని కనపడేది.

మూడో పాఠం మలుపులు. మలుపు రాకముందు బయటి అంచున ఉండి, మలుపు మధ్యలో లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి రావాలి. నేల మీద పుల్లతో గీసి చూపించాను, బాబాయి చాలా శ్రద్ధగా విన్నాడు. సాధన చేయడానికి వెళ్తే మొదటి మలుపులో లోపలి అంచున, సరిగ్గా నేను తాకమన్నచోట, ఒక బర్రె పడుకుని ఉంది. రెండో మలుపులో దాని దూడ. నాలుగో పాఠం ముందు బండి వెనకే అంటుకుని పోవడం. ముందు బండి గాలిని చీల్చుతుంది కాబట్టి వెనక బండికి గాలి అడ్డం ఉండదని పుస్తకంలో రాశారు. మే నెల మట్టిరోడ్డు మీద ముందు బండి వెనక గాలి తప్ప మిగతావన్నీ ఉంటాయని రాయలేదు. ఇంటికి వచ్చేసరికి మేమిద్దరం కారం మిల్లులో పడి లేచినట్టున్నాం. చిన్నమ్మ మా మొహాలు చూసి నవ్వాపుకుంటూ, శనివారం నాటికి మనుషులుగా మిగలండి చాలంది.

శనివారం పొద్దున స్టాండు దగ్గర తిరునాళ్ళలా జనం. రోడ్డు ఇరుకు, ఆరు జీపులు పక్కపక్కన నిలబడే చోటు లేదు. ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాలి. మరి ముందెవరు? పాపం ఆఖరి నంబరువాడు కదా అని ప్రెసిడెంటు మా బాబాయిని ముందు పెట్టాడు. ఆయన వెనక మిగతావాళ్ళు మాత్రం తమ నంబరు వదిలేది లేదన్నారు, అంచేత బుల్లెట్ మామ రెండో చోట, ఆ వెనక మూడూ నాలుగూ అయిదూ ఆరూ అన్నట్టు సీరియలు ప్రకారమే నిలబడ్డారు. నా గుండె ఆనందంతో కొట్టుకుంది. ముందున్నవాణ్ణి ఇరుకు రోడ్డు మీద దాటడం ఎంత కష్టమో టీవీలో ఎన్నిసార్లు చూశాను! ఇంక ఆగకుండా పోవడమే మా పని. నేను బాబాయి పక్కన కూర్చుని, హాస్టల్ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన స్టాప్‌వాచి మెళ్ళో వేసుకున్నాను. ప్రెసిడెంటు టీ వడగట్టే గుడ్డ ఊపాడు.

న్యాయంగా చెప్పాలి, మొదటి పావుగంట నా చదువు సార్థకమైంది. టాపు లేదు, బెంచీలు లేవు, మా జీపు కుందేలులా ఉరికింది. ఎదురుగాలికి నా జుట్టంతా వెనక్కి నిలబడింది. వెనక సోడా రెక్క జుయ్‌మని మోగుతోంది. అద్దంలో బుల్లెట్ మామ బండి చిన్నదై, ఆ తర్వాత దుమ్ములో మాయమైంది. బాబాయి కూడా పళ్ళు బిగబట్టి, స్టీరింగు మీదికి వంగి, నేను మలుపు చెప్పకముందే తిప్పేస్తున్నాడు. ఆయన్ని అలా చూడడం నాకదే మొదటిసారి. నేను మనసులో చిన్నదానికి మాట కూడా ఇచ్చేశాను, ఇక మీ నాన్నని చూసి నువ్వు ఏడవవని.

అప్పుడు ఒక మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన ఒక ముసలమ్మ, పక్కన తాటిముంజల గంపతో, చెయ్యెత్తింది.

బాబాయి బ్రేకు వేశాడు. ఆలోచించి వేశాడనుకోకండి, ఆ చెయ్యి లేవడమూ ఈయన కాలు పడడమూ ఒకే యంత్రంలోని రెండు భాగాల్లా జరిగిపోయాయి. నేను ముందు అద్దానికి గుద్దుకున్నాను. జీపు ఆగాక బాబాయి కూడా కాసేపు తన కాలి వైపు చూసుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఇంత పంచాయితీలో ప్రెసిడెంటూ, ఆరుగురు డ్రైవర్లూ, సర్వజ్ఞుణ్ణయిన నేనూ అందరం కలిసి మర్చిపోయిన విషయం. స్టాండులో ఉన్న జీపులన్నీ పందెంలో ఉంటే, తెల్లారిందగ్గర నుంచీ ఈ రోడ్డు మీద ఒక్క జీపు కూడా రాలేదు. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళంతా మూటలు పెట్టుకుని మా కోసమే కాచుకున్నారు. వాళ్ళకెవరూ పందెం సంగతి చెప్పలేదు.

పోనీ బాబాయ్, పోనీ అని నేను కేకలు పెడుతూనే ఉన్నాను. ముసలమ్మ ఒక మోకాలు జీపులో పెట్టి, రెండో మోకాలిని బతిమాలుకుంటోంది. అంతలో దుమ్ము లేపుకుంటూ బుల్లెట్ మామ వచ్చాడు. అయిపోయింది, ఇక దాటేస్తాడు అనుకుని కళ్ళు మూసుకున్నాను. కీచుమని బ్రేకు చప్పుడైంది. కళ్ళు తెరిస్తే ఆయన జీపు మా వెనకే ఆగి ఉంది. దాని వెనక మూడోది, దాని వెనక నాలుగోది, అలా ఆరోదాకా. బుల్లెట్ మామ తల బయటపెట్టి, చెమటలు కక్కుతూ, హారన్ మీద చెయ్యి తియ్యకుండా, "జల్దీ ఎక్కించుకోరాదు తమ్మీ, పందెం నడుస్తుంది ఈడ" అని మొత్తుకుంటున్నాడు తప్ప, పక్కన ఖాళీ రోడ్డున్నా దాటడు.

ఎందుకు దాటడం లేదని బాబాయిని అడిగాను. ఆయన నన్ను బడికెళ్ళని పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "ముందు బండి ఎక్కించుకుంటుంటే వెనక బండి ఎట్ల దాటుతదిరా? లైను తప్పినట్టు గాదా?" అన్నాడు. స్టాండు పుట్టినప్పటి నుంచీ అదే కట్టుబాటట. ఎక్కించుకుంటున్న బండిని దాటి ముందుకి పోతే తర్వాతి ఊళ్ళో మనుషుల్ని దోచుకున్నట్టే లెక్క. పందెం కదా అన్నాను. "పందెమైతే?" అన్నాడు బాబాయి.

ముసలమ్మ గంప సర్దుకుని, ఉన్న చోటంతా చూసి, బెంచీలేవి కొడుకా అనడిగింది. నేను డౌన్‌ఫోర్స్ గురించి చెప్పబోయి మానుకున్నాను. బండి కదిలింది. కదిలి ఊపందుకునేసరికి తునికాకు కట్టలతో ఒక మొగుడూ పెళ్ళామూ చెయ్యెత్తారు. ఆగాం. వెనక అయిదూ ఆగాయి. ఆ తర్వాత మేకపిల్లతో ఒక పెద్దాయన. ఆ తర్వాత పెళ్ళికి బయల్దేరిన అయిదుగురు ఆడవాళ్ళు, జీపు అద్దంలో మొహం చూసుకుంటూ వాళ్ళ వెంట ఒక పెద్దమనిషి. ఆగిన ప్రతిసారీ వెనక నుంచి అయిదు హారన్లు, తిట్లు, బతిమాలడాలు. ఒక్కడు దాటడు. మూడో ఆయనైతే ఒకచోట దిగివచ్చి, మేకపిల్లని తనే ఎత్తి మా జీపులో పడేసి, పరుగున వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. తునికాకు దంపతులు నన్నూ నా స్టాప్‌వాచినీ చూస్తూ కోయభాషలో ఏదో అనుకుని విరగబడి నవ్వుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ దేని గురించో మాత్రం బాగా అర్థమైంది.

ఏడుపొచ్చే దశలో ఉండగా నాకొక జ్ఞానోదయమైంది. మా బండి నిండిపోతే? నిండిన బండి ఆగక్కర్లేదు, చెయ్యెత్తినవాళ్ళని దాటుకుంటూ పోవచ్చు. అప్పుడు ఆ చేతులన్నీ బుల్లెట్ మామకి తగుల్తాయి. ఆయన ఆగుతాడు, ఆయన వెనక అందరూ ఆగుతారు, మేం ఎక్కడికో వెళ్ళిపోతాం! రేసుల్లో కారు ఆపి టైర్లు మార్చేది కూడా ఇలాంటి ఎత్తుగడే కదా, ఎప్పుడాగాలి, ఎంత త్వరగా కదలాలి అన్నదే కదా సైన్సు. అంతే, స్టాప్‌వాచి చొక్కాలోకి తోసేసి ఫుట్‌బోర్డు మీదికి దూకాను. తర్వాతి ఊరి పొలిమేరలోనే "దుమ్ముగూడెం, దుమ్ముగూడెం, దుమ్ముగూడెం" అని అరవడం మొదలుపెట్టాను. ఎవరూ చెయ్యెత్తకపోయినా ఆపించాను. టీ తాగుతున్నవాళ్ళని లేపాను. దుమ్ముగూడెంలో ఏం పనుందని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి ఉంటుంది రమ్మని చెప్పాను. జరగండి పెద్దమ్మా, మూట ఒళ్ళో పెట్టుకో మామా, మేకని తల వైపు పట్టుకో తాతా. ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కడా చోటు లేక నా రెక్క మీదెక్కి కూర్చున్నారు. ఎక్కిన ప్రతివాడూ ముందు సోడా ఏదని అడిగాడు, ఆ తర్వాతే కూర్చున్నాడు.

నేను చెప్పింది అక్షరాలా జరిగింది. నిండిన జీపు చెయ్యెత్తినవాళ్ళని దాటుకుని సాగింది, బుల్లెట్ మామ బండి ఒక పెళ్ళి బృందం దగ్గర చిక్కుకుపోయింది, దాని వెనక అందరూ. వాగు దగ్గర ఇసకలో టైర్లు తిరుగుడు పడతాయని నేను ముందునుంచీ భయపడుతుంటే, ఇంతమంది బరువుకి టైర్లు ఇసకని పట్టుకుని జీపు నింపాదిగా ఎక్కేసింది. అది కదా డౌన్‌ఫోర్స్ అని నేను వెనక్కి తిరిగి అందరికీ వివరించాను. మేకపిల్ల ఒక్కటే విన్నది. అద్దంలో ఎవరూ లేరు. దుమ్ముగూడెం ఇళ్ళు కనపడ్డాయి. సెంటర్లో జనం, మేం జనాన్ని ఎక్కించుకుంటుండగా మోటారు సైకిల్ మీద దాటి వచ్చేసిన ప్రెసిడెంటు, ఎర్ర రిబ్బను, అన్నీ కనపడ్డాయి. బాబాయి ఒక్కసారి నా వైపు తిరిగి నవ్వాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. దుమ్ము పడి ఉండొచ్చు, కానీ నేనలా అనుకోలేదు.

"ఆపు కొడుకా, మా బిడ్డ ఇల్లు ఈన్నే" అంది వెనక నుంచి ముసలమ్మ.

రిబ్బను అక్కడే ఉంది. ఒక రాయి విసిరితే తగులుతుంది. ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను. రిబ్బను దాటాక దిగమన్నాను, గంప నేనే నెత్తిన పెట్టుకుని మోసుకొస్తానన్నాను, కావాలంటే ఆమెని కూడా మోసుకొస్తానన్నాను. ముసలమ్మకి జాలేసి సరే నాయనా అనబోయింది కూడా. కానీ అప్పటికే బాబాయి కాలు బ్రేకు తొక్కేసింది. ఆపమన్న మాట ఆయన చెవిన పడి, చెవి నుంచి నేరుగా కాలికి పోయింది, మెదడు దారిలో తగల్లేదు.

ముసలమ్మ ఒక్కతే దిగితే మేమే గెలిచేవాళ్ళం. కానీ జీపు ఆగిందంటే ఊరొచ్చిందనే కదా అర్థం. అందరూ దిగడం మొదలుపెట్టారు. తునికాకు కట్టలు దిగాయి. మేక దిగనంది. ఒకావిడ చెప్పు దొరకలేదు, ఆ ఒక్క చెప్పు కోసం మిగతావాళ్ళంతా మళ్ళీ ఎక్కారు. రెక్క మీది కుర్రాళ్ళలో ఒకడి లుంగీ రేకుకి చిక్కుకుంది. చిల్లర లేదని ఒకాయన పెద్ద నోటు పట్టుకుని నా వెంట తిరుగుతున్నాడు. ఈ గందరగోళంలో వెనక హారన్ వినపడింది. బుల్లెట్ మామ. నాకు మళ్ళీ ఆశ పుట్టింది. మేం ఆగి ఉన్నాం కదా, కట్టుబాటుంది కదా, ఆగుతాడు కదా. రోడ్డుకి అడ్డంగా వెళ్ళి, లైను తప్పుతున్నావు మామా అని అరిచాను.

ఆయన వేగం తగ్గించి, పాపం చాలా ఓపిగ్గా చెప్పాడు. "ఎక్కించుకునేటప్పుడే దాటొద్దు అల్లుడూ. దించేటప్పుడు దాటొచ్చు." చెప్పి, దాటాడు. ఆయన జీపు నిండా పెళ్ళివాళ్ళు, నాకు చేతులూపారు. వెనక మూడోది దాటింది, నాలుగోది దాటింది, అయిదోది, ఆరోది. దాటుతూ ప్రతి డ్రైవరూ మర్యాదగా హారన్ కొట్టాడు. మేం చెప్పు వెతికిపెట్టి రిబ్బను దగ్గరికి వెళ్ళేసరికి రిబ్బను లేదు, దాన్ని బుల్లెట్ మామ తలకి చుట్టుకుని ఉన్నాడు.

సీరియలు చదివారు. పాత సీరియలే. అందరూ ఒక్కో మెట్టు పైకి జరిగారంతే, వరస మారలేదు. పందెం పెట్టింది నంబర్లు తేల్చడానికి కాబట్టి, అవి తేలిపోయాయి కాబట్టి, ఇక ఎవరూ నోరెత్తడానికి లేదని ప్రెసిడెంటు సంతోషంగా ప్రకటించాడు. వారం రోజులుగా గొంతులు చించుకున్న మూడో ఆయన కూడా తలూపి, న్యాయమైన పందెం అన్నాడు.

తిరుగు ప్రయాణంలో స్టాప్‌వాచి మెళ్ళోంచి తీసేశాను. ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది, పిల్లలు పడుకున్నారు. చిన్నమ్మ ఎదురొచ్చి ఎన్నో నంబరని అడిగింది. బాబాయి కాసేపు చెప్పులు విప్పుకున్నాడు. తర్వాత, "బండి నిండింది" అన్నాడు. ఆమెకి ముందు అర్థం కాలేదు. పొద్దున్నే ముసలమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టి ఆయన చెబుతుంటే, మేకపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు మొదలుపెట్టింది, లుంగీ దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుంది. ఆ నవ్వులకి చిన్నది నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి, జీపు మామ ఒళ్ళో కూర్చుని, తనూ ఏమీ తెలియకుండానే నవ్వింది. ఆ ఇంట్లో ఆ పూట ఏడిచిందల్లా నేనొక్కణ్ణే. సైన్సు ఓడిపోయిందని అన్నం కూడా తినలేదు. లైను, లైను అంటూ మా వెనక ఆగిన ఆ అయిదుగురినీ తెలివితక్కువవాళ్ళని పడుకునేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆ రోడ్డు వెడల్పయింది, ఆటోలొచ్చాయి, స్టాండూ సీరియలూ పోయాయి. బాబాయి చాలా ఏళ్ళు ఒక బడి వ్యాను నడిపాడు. తన పిల్లలు చదివే బడే, కాబట్టి వాళ్ళతోపాటే వెళ్ళి వాళ్ళతోపాటే ఇంటికి వచ్చేవాడు. నేను కార్ల కంపెనీలో చేరాను. కొత్త కార్లని ట్రాకు మీద నడిపించి పరీక్షించే విభాగం నాది. నిజమైన రేసులు కూడా చూశాను, కళ్ళు తిరిగే వేగాలు చూశాను. ముందున్న కారు టైర్లు మార్చుకోవడానికి పక్కకి ఆగడం, వెనకవాళ్ళంతా బాణాల్లా దాటిపోవడం, చూస్తున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టడం. నేనూ కొడతాను. కొడుతూనే, కాస్త ఆగలేరా వీళ్ళు అనుకుంటాను. మా సహోద్యోగులకి చెప్తే నమ్మరు కానీ, తమ బతుకులో ఒకటో నంబరు ఎదురుగా ఊరిస్తున్నా, పక్కన ఖాళీ రోడ్డున్నా, ఒక ముసలమ్మ మోకాలు జీపులో పడేదాకా ఆగి, తిట్టుకుంటూనే ఆగిన పందెగాళ్ళు నాకు అయిదుగురు తెలుసు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళని తిట్టుకుంటూ పస్తు పడుకున్న ఆ సర్వజ్ఞుడు ఇప్పుడు కనపడితే, లేపి కూర్చోబెట్టి, ఇంత గోంగూర కలిపి అన్నం పెట్టాలనిపిస్తుంది.